పై ఇంటి కర్ర

అతన్ని అందరూ మీటరు అనేవాళ్ళు. అమ్మానాన్నలు పెట్టిన పేరు అక్కకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అక్క కూడా కోపం వచ్చినప్పుడే వాడేది. ఆ నేలమాళిగ గదిలో పద్దెనిమిదేళ్ళుగా కచేరీలకి మైకులూ స్పీకర్లూ సరిచేసే పని అతనిది. "శబ్దం కొలిచే మిషనొకటి కొనుక్కోవచ్చుగా" అని ఎవరైనా అంటే కుడిచెవి వెనక వేలు పెట్టి, "ఇదుండగా మిషనెందుకు? పుట్టుకతో వచ్చిన మీటరు" అనేవాడు. అలా పడింది పేరు. గొప్పలు చెప్పుకోవడానికి ఆ మనిషికి మొహమాటం లేదు.

గది అక్కది. ఒకప్పుడు అచ్చాఫీసు వాళ్ళు కాగితం బేళ్ళు దాచుకున్న చోటు. అక్క దాన్ని అద్దెకి తీసుకుని, తమ్ముడితో కలిసి గోడలకి గుడ్ల అట్టలు అంటించి, చెక్కలతో మోకాలెత్తు వేదిక కట్టించి, ఎనభై కుర్చీలు వేసింది. ఆ ఎనభైలో ఏ రెండూ ఒక జత కావు. పేరున్న పాటగాళ్ళు ఆ మెట్లు దిగరు. పేరు ఇంకా రానివాళ్ళు, వచ్చి పోయినవాళ్ళు, ఎటూ రాదని తెలిసీ పాడకుండా ఉండలేనివాళ్ళు దిగేవారు. టికెట్టు చింపేది అక్క, టీ పెట్టేది అక్క, తాగొచ్చి అల్లరిచేసేవాణ్ణి చొక్కా పట్టుకుని మెట్లెక్కించేదీ అక్కే. బయటివాళ్ళకి అదో సంగీతశాల. వానొస్తే లోపల రెండు బకెట్లు పెట్టాలని వాళ్ళకేం తెలుసు? ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత.

జబ్బు వచ్చి లోకమంతా తలుపులు బిగించుకున్నప్పుడు ఆ గదికీ తాళం పడింది. పదిహేను రోజులే అన్నారు. పదహారు నెలలయ్యాయి. డ్రమ్ములు వాయించే అన్న ఇంటింటికీ కూరగాయలు మోశాడు. పాడే అమ్మాయి మందుల షాపులో ఫోను దగ్గర కూర్చుంది. మొదటి వరుసలో కళ్ళు మూసుకుని వినే టైలరు పోయాడు. అక్క మాత్రం వారానికోసారి వచ్చి ఎవరూ కూర్చోని కుర్చీలు తుడిచి వెళ్ళేది. చూసినవాళ్ళు పిచ్చి అనుకున్నారు. మీటరు తనూ ఒక గుడ్డ అందుకునేవాడు. పైకి మాత్రం, "దుమ్ము కూడా టికెట్టు కొనుక్కుని వచ్చిందేమోనే, వదిలెయ్" అనేవాడు.

చివరికి చిన్న గదులు తెరుచుకోవచ్చని మునిసిపల్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. దానికో మెలిక ఉంది. పాత అనుమతి గడువు తీరిపోయింది కాబట్టి కొత్తది కావాలి. కచేరీ నాడు ఎంత శబ్దం ఉంటుందో అంత శబ్దంతో రెండు పాటలు కింద వాయించాలి. సరిగ్గా గది నెత్తిన ఉన్న ఇంట్లో ఆఫీసరు మిషనుతో కూర్చుంటాడు. మిషనులో అంకె నలభై అయిదు డెసిబెళ్ళు దాటితే అనుమతి లేదు. భవనం ఆసామి ఇది విని అక్కతో తీయగానే చెప్పాడు. "మీకు అనుమతి రాకపోతే చెప్పండమ్మా, పార్సిళ్ళ కంపెనీవాళ్ళు గోడౌను కోసం తిరుగుతున్నారు." ఎద్దు పుండు కాకికి ముద్దా? అనుమతి రాకపోతే నెలాఖరుకి ఎనభై కుర్చీలూ వీధిలో ఉంటాయి. ఆ సంగతి అక్కకీ తెలుసు, తమ్ముడికీ తెలుసు.

"నీ చెవులున్నాయిగా, నాకేం భయం" అంది అక్క.

ఆ మాటకి మీటరు చెవి వెనక వేలు పెట్టబోయి దించేశాడు. ఎందుకంటే పద్దెనిమిదేళ్ళుగా ఆ గదిలో మీటరు అతని చెవి కాదు. ఆ రహస్యం అతనికొక్కడికే తెలుసు.

గది నెత్తిన ఉన్న ఇల్లు టీచరమ్మది. ఆడపిల్లల బడిలో పెద్ద టీచరుగా చేసి దిగిపోయిన మనిషి, డెబ్బై ఎనిమిదేళ్ళు, ఒంటరిది. కింద శబ్దం మితిమీరితే చేతికర్రతో నేలమీద కొడుతుంది. మూడు దెబ్బలు, ఎప్పుడూ మూడే. అవి గదిలో కూర్చున్నవాళ్ళకి వినపడవు. కానీ మీటరు బల్ల పక్కనుంచి ఇనప నీళ్ళగొట్టం ఒకటి పైకప్పులోంచి ఆవిడ వంటింటి దాకా పోతుంది. కర్ర పడితే ఆ గొట్టం అదురుతుంది. అతని ఎడమ అరచెయ్యి ఎప్పుడూ దానిమీదే. వాయిద్యాలు మారతాయి, జనం మారతారు, నిన్న శబ్దం మీట ఎక్కడ పెట్టాడో ఇవాళ పనికిరాదు. అందుకని శబ్దం మెల్లగా పెంచుకుంటూ పోతాడు. గొట్టం మూడుసార్లు అదరగానే వెంట్రుకవాసి తగ్గిస్తాడు. ఆ పూటకి అదే కొలత. జనం, "ఎంత బాగా కుదిర్చావు మీటరన్నా" అంటారు. అతను చెవి వెనక వేలు పెట్టుకుంటాడు.

పరీక్ష నాడు పొద్దున పదింటికి ఆఫీసరు వచ్చాడు. ముఖానికి రెండు మాస్కులు, చేతిలో టీవీ రిమోటంత మిషను. మర్యాదస్తుడే. పైకి వెళ్ళి టీచరమ్మ ముందుగదిలో కూర్చున్నాడు. కింద పాడే అమ్మాయి, గిటారు అతను, డ్రమ్ముల అన్న వేదికెక్కారు. పదహారు నెలల తర్వాత మొదటి దరువు పడగానే గుడ్ల అట్టల్లోంచి దుమ్ము రాలింది. అక్క కళ్ళు తుడుచుకుంది. దుమ్మే అంది.

మీటరు గొట్టం మీద చెయ్యి వేసి పెంచడం మొదలుపెట్టాడు. కొంచెం పెంచాడు. గొట్టం చల్లగా ఉంది. ఇంకొంచెం పెంచాడు. కర్ర పడలేదు. పడలేదంటే ఇంకా చోటుందని అర్థం, అతనికి తెలిసిన చదువంతా అదే. ముసలావిడకి ఇవాళ మనసు బాగున్నట్టుంది అనుకుని ఇంకో వీసం పెంచాడు. పల్లవి అయింది, చరణం అయింది, రెండో పాటా అయింది. గొట్టం కదలలేదు.

ఆఫీసరు కిందికి దిగివచ్చి, "యాభై ఒకటండీ" అన్నాడు. అక్క ముఖం చూసి కళ్ళు దించుకున్నాడు. "పన్నెండు రోజుల తర్వాత ఇంకోసారి వస్తాను. అదే ఆఖరు. ఆపైన నా చేతుల్లో ఉండదు."

ఆరోజంతా మీటరు తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. మిషను పాడైందేమో అన్నాడు, కిటికీలు తెరిచి పెట్టారేమో అన్నాడు. అక్క కుర్చీలు సర్దుకుంటూ పోయింది. ఆవిడ తిడితే భయం లేదు, తిట్టకపోతేనే భయం. మర్నాడు ఆవిడ ఎవరూ తాగని కప్పులు కడుగుతూ ఉంటే పక్కన నిలబడి మొత్తం కక్కేశాడు. గొట్టం, కర్ర, మూడు దెబ్బలు, అన్నీ.

అక్క కుళాయి కట్టేసింది.

"అంటే పద్దెనిమిదేళ్ళుగా మన మీటరు పై ఇంట్లో ఉందా?"

"ఊఁ."

"నేను నిన్ను చూసుకుని ధైర్యంగా ఉన్నాను కదరా! ఎదురుపడితే ముఖం చిట్లిస్తుందని ఆ ముసలావిణ్ణి నేను తిట్టని రోజు లేదు. ఆవిడేమో మనకి జీతం లేని ఉద్యోగం చేస్తోందా?"

"అక్కా..."

"అక్కా లేదు, గిక్కా లేదు. నిన్న ఎందుకు కొట్టలేదో పైకెళ్ళి అడుగు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాం, ఆ ఆకులైనా దొరుకుతాయేమో చూడు. పో!" చేతిలో ఉన్న తడిగుడ్డ అతని వీపుకి తగిలింది.

పద్దెనిమిదేళ్ళలో ఆ మెట్లు అతనెప్పుడూ ఎక్కలేదు. లెక్కపెడితే పందొమ్మిది. టీచరమ్మ తలుపు సగం తెరిచి, మాస్కు సరిచేసుకుని, అతనిచేత గుమ్మానికి అటు ఒక కుర్చీ ఇటు ఒక కుర్చీ వేయించింది. కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మీటరుకి చిన్నప్పుడు లెక్కల పరీక్ష తప్పిన రోజు గుర్తొచ్చింది.

"నిన్న మీరు కర్ర కొట్టలేదండీ" అన్నాడు.

"కొట్టలేదు. పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. మంచం కాళ్ళు వణికాయి, బీరువాలో గ్లాసులు గలగలలాడాయి, అయినా కొట్టలేదు. ఎదురుగా ఆఫీసరు. నేను కొడితే అది మీమీద ఫిర్యాదు కింద రాసుకోడూ? మీ గది మూయించిన పాపం నాకెందుకయ్యా?" గుమ్మం వైపు వంగి అడిగింది. "ఇంతకీ గట్టెక్కారా?"

మీటరు తల దించుకుని జరిగింది చెప్పాడు. గొట్టం సంగతి కూడా దాచలేదు. ఆవిడ వింటూ వింటూ కర్ర పిడి మీద నుదురు ఆనించింది.

"అయ్యో" అంది. "మంచికి పోయి ముంచానన్నమాట."

"తప్పు నాదండీ. మీకు పాట గిట్టదనుకుని, కొట్టినప్పుడల్లా తగ్గిస్తూ బతికాను."

"పాట గిట్టదని నీకెవరు చెప్పారు?" ఆవిడ గొంతులో బడి లేచింది. "పాట నాకు వినపడితే కదా! పైకి వచ్చేది ఆ గుద్దుడొక్కటే. ధుమ్ము ధుమ్మని గుండెల మీద కొట్టినట్టు. ఆ గుద్దుడు తగ్గించమని కొట్టేదాన్ని. నువ్వేమో మొత్తానికి మొత్తం తగ్గించి పారేసేవాడివి. గుద్దుడు కొంచెం పోయేది, వినపడీ వినపడని పాట పూర్తిగా పోయేది. మంచి పాట వస్తోందని చెవి గోడకి ఆనించిన రోజులున్నాయి."

మీటరుకి కింద తన బల్ల కళ్ళముందు మెదిలింది. మీట ఒకటి కాదు. కింది శబ్దానికి, అంటే ఆ డ్రమ్ముల గుద్దుడికి, వేరే మీట ఉంది, గొంతుకి వేరే మీట ఉంది. నేర్చుకున్న మొదటి వారంలో తెలిసే సంగతి. భయంతో మొత్తానికి ఉన్న పెద్ద మీట పట్టుకుని పద్దెనిమిదేళ్ళు లాగాడు. ఎంతమంది గొంతులు ఆ గదిలో సగం నొక్కి పెట్టాడో తలచుకుంటే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

"ఒక్కసారి కిందికొచ్చి ఆ మాట చెప్పి ఉండొచ్చు కదండీ" అన్నాడు, ఏడుపు గొంతుతో.

"ఒక్కసారి పైకొచ్చి నువ్వు అడిగి ఉండొచ్చు కదయ్యా" అంది టీచరమ్మ.

మర్నాటినుంచి చదువు మొదలైంది. పొద్దున డ్రమ్ముల అన్న కూరగాయల బండి గుమ్మం దగ్గర నిలిపి వచ్చేవాడు, పాడే అమ్మాయి షాపుకి వెళ్ళబోతూ అరగంట ఆగేది. మీటరు కింది శబ్దాన్ని మాత్రమే పెంచేవాడు. పైనుంచి మూడు దెబ్బలు పడగానే మీట పక్కన సున్నంతో గీత పెట్టేవాడు. తర్వాత గొంతు పెంచేవాడు. ఎంత పెంచినా కర్ర పడేది కాదు. రెండోరోజు గొంతు ఎంత పైకి పోయిందంటే అక్క టీ గిన్నె వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. "ఈ పిల్ల గొంతు ఇలా ఉంటుందా?" అంది. పాడే అమ్మాయి సిగ్గుపడింది. మీటరు తల ఎత్తలేదు. మూడోరోజు పొద్దున టీచరమ్మ కిటికీలోంచి వంగి, "ఇవాళ మాటలు కూడా తెలిశాయి. రెండో చరణంలో ఒక అక్షరం మింగేస్తోంది, చెప్పు ఆ పిల్లకి" అని కేకేసింది.

నాలుగోరోజు కర్ర పడలేదు.

కింది శబ్దం గీత దాటింది. గొట్టం మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. ఇంకో వీసం పెంచబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇవాళ కొట్టకుండా ఉండాల్సిన పని ఆవిడకి లేదు, పక్కన ఆఫీసరూ లేడు. మాస్కు లాక్కుంటూ పందొమ్మిది మెట్లూ పరుగెత్తాడు.

తలుపు గడియ వేసి లేదు. టీచరమ్మ మంచం మీద గోడకి ఒరిగి ఉంది, ఒళ్ళు కాలిపోతోంది, ఊపిరి పైపైన ఆడుతోంది. కర్ర చేతికందని దూరంలో నేలమీద పడి ఉంది. "కర్ర ఎప్పుడు పడిపోయిందో... అందుకోలేకపోయాను" అంది. క్షమాపణ చెప్పుకున్నట్టుగా అంది. అది విని అతనికి దుఃఖం ఆగలేదు.

తెల్ల తొడుగుల మనుషులు వచ్చి ఆవిణ్ణి కుర్చీలో దించారు. కర్ర తేవడానికి వీల్లేదన్నారు. వీధి గుమ్మం దగ్గర ఆగమని, తాళంచెవి మీటరు చేతిలో వేయించింది. "ఆఫీసరొస్తే కుర్చీ వంటింటి గోడవైపు వెయ్యి. నాకు అక్కడే ఎక్కువ అదురుతుంది. అక్కడ నెగ్గితే ఎక్కడైనా నెగ్గినట్టే." అంబులెన్సు తలుపు మూస్తుంటే ఇంకేదో చెప్పబోయింది. ఊపిరి చాలలేదు.

మీటరుని కూడా వారం రోజులు విడిగా ఉండమన్నారు. గదిలోనే ఉన్నాడు. అక్క మెట్లమీద గిన్నె పెట్టి, దూరంగా నిలబడి, తిన్నాక వెళ్ళేది. వాయించేవాళ్ళు లేరు, పైన కొట్టేవాళ్ళు లేరు. ఎనభై ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని, సున్నం గీతలు చూసుకుంటూ, ఏ దరువుకి ఆవిడ చెయ్యి లేచేదో గుర్తు తెచ్చుకునేవాడు. పద్దెనిమిదేళ్ళ దెబ్బలు. ఏదో ఒకటి నేర్చుకునే ఉంటాను అనుకునేవాడు. మరుక్షణమే, ఏమీ నేర్చుకోలేదేమో అనుకునేవాడు. ఆసుపత్రినుంచి రోజుకో కబురు వచ్చేది, ఆక్సిజను పెట్టారని, తగ్గలేదని, పెరగలేదని. అతనికి జ్వరం రాలేదు. అక్కకి ఆ వారంలో జుట్టు ముందువైపంతా నెరిసింది.

పన్నెండోరోజు ఆఫీసరు వచ్చాడు. మీటరే తలుపు తీసి, ఆవిడ చెప్పినట్టే కుర్చీ వంటింటి గోడవైపు వేశాడు. ఆఫీసరు ఖాళీ మంచం వంక చూసి మిషను తీశాడు.

కింద అక్క చేతులు నలుపుకుంటూ నిలబడింది. దరువు మొదలైంది. మీటరు చెయ్యి అలవాటుగా గొట్టం మీదికి పోయింది. దాన్ని లాక్కుని జేబులో పెట్టుకున్నాడు. కింది శబ్దాన్ని గీత దాకా తెచ్చాడు. సున్నం గీత సరే, ఇవాళ అన్న కాలు బరువుగా పడుతోంది. ఇక్కడ ఆవిడ కొడుతుందా? కొడుతుంది. తగ్గించాడు. పాడే అమ్మాయి ఎత్తుకుంది. ఇక్కడ? ఊహూఁ, ఇక్కడ చెవి గోడకి ఆనిస్తుంది. పెంచాడు. రెండు పాటలు అయ్యేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఆ పది నిమిషాలూ అతను చెవులతో విన్నాడు, జీవితంలో మొదటిసారి.

ఆఫీసరు మెట్లు దిగడానికి చాలాసేపు పట్టింది, లేదా వాళ్ళకలా అనిపించింది.

"నలభై మూడు" అన్నాడు. సంతకం పెట్టి కాగితం అక్కకి ఇచ్చాడు. "పాట బాగుందండీ. ప్రతి మాటా తెలిసింది."

అక్క వేదిక అంచున కూలబడి కొంగులో ముఖం దాచుకుంది. ఈసారి దుమ్ము అనలేదు. గిటారు అతను, డ్రమ్ముల అన్న ఒకళ్ళ వీపు ఒకళ్ళు చరుచుకున్నారు. మీటరు మాత్రం ఫోను తీసి ఆసుపత్రికి చేశాడు. వార్డు నర్సు ఎత్తింది.

"మాట్లాడలేరండీ, ముఖానికి మాస్కుంది. వింటారు. రెండు నిమిషాలే, ఫోను చెవి దగ్గర పెడతాను."

"టీచరమ్మగారూ, నలభై మూడండీ" అన్నాడు. ఆ తర్వాత ఏం చెప్పాలో తెలియక పాడే అమ్మాయికి సైగ చేశాడు. డ్రమ్ములు వద్దన్నాడు. ఫోను అందరికీ వినపడేలా నొక్కి, స్పీకరు దగ్గర పెట్టి గొంతు మీట పైకి తోశాడు. అమ్మాయి రెండో చరణం అందుకుంది, మింగే అక్షరం మింగకుండా పాడింది.

చరణం మధ్యలో ఫోనులోంచి టక్ అని వినపడింది. అందరూ ఆగిపోయారు. చెంచాతోనో దేనితోనో మంచం ఇనప కమ్మీ మీద కొట్టిన చప్పుడు. ఇంకోసారి, టక్.

"ఓరి నీ ఇల్లు బంగారం కానూ, అక్కడిదాకా వినపడిందా!" అంది అక్క, ఏడుస్తూనే నవ్వుతూ.

మీటరు చెయ్యి దానంతట అదే వెళ్ళి మీటని వెంట్రుకవాసి తగ్గించింది. ఫోను చెవికి ఆనించుకుని నిలబడ్డాడు. చెవిలో ఆక్సిజను బుసబుస తప్ప ఏమీ లేదు. అతను లెక్క మరిచిపోయే మనిషి కాదు. అలాగే నిలబడ్డాడు.

"పెద్దావిడ అలిసిపోయారండీ" అంది నర్సు. "కళ్ళు మూసుకున్నారు. ఇక పెట్టేస్తాను, రేపు చెయ్యండి."

ఫోను జేబులో పెట్టుకుని వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎడమ అరచెయ్యి గొట్టం మీద వేసి ఉంచాడు.

"ఏమంది?" అని అడిగింది అక్క.

"రెండు కొట్టారు" అన్నాడు. "మూడోది రేపు కొడతారు."